మామ్మ పోయాక చుట్టాల్ని మళ్ళీ కలుపుకోవడం ఎలా?

మా మామ్మ పోయిన మూడో రోజు పొద్దున్న ఆవిడ ఫోను మోగింది. బటన్ల ఫోను, వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు. ఎత్తాను. "ఏమే, నాలుగు రోజులైంది, మాటా లేదు మంతీ లేదు. ఏం కూర?" అంది అవతల ఓ పెద్దావిడ. ఆవిడెవరో నాకు తెలీదు. రాజోలు వైపు, మామ్మకి పిన్ని కూతురట. ఏళ్ళ తరబడి రెండ్రోజులకోసారి ఒకరినొకరు కూర అడుగుతున్నారట. ఆవిడకి కబురు చెప్పాలని మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నువ్వెవరి అబ్బాయివి నాన్నా?" అంది.

ప్రతి ఇంట్లో ఇలాంటి మనిషి ఒకరుంటారు. ఎవరి కోడలికి ఎన్నో నెల, ఎవరి ఆపరేషన్ ఎప్పుడు, ఎవరికి ఎవరితో మాటల్లేవు, అన్నీ ఆవిడ దగ్గరే ఉంటాయి. ఆవిడ పోతే మనిషితో పాటు లైన్లన్నీ పోతాయి. హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో డల్లాస్‌లోనో ఉండి, చుట్టాల పెళ్ళిళ్ళకి రెండు గంటలు మొహం చూపించి వచ్చేసే మనవలకి ఆ సంగతి దినాల్లోనే తెలుస్తుంది. అలాంటివాళ్ళ కోసమే ఇది. నేను చేసినవి, చెడగొట్టినవి కలిపి చెబుతున్నాను. మాది గోదావరి జిల్లా, మా ఇంటి పద్ధతి ప్రకారం రాస్తున్నాను. మీ కులంలో, మీ ప్రాంతంలో రోజుల లెక్క వేరుగా ఉండొచ్చు. కర్మే లేని ఇళ్ళలో కూడా మనుషులు గుమిగూడే రోజులు ఉంటాయి: క్రైస్తవుల ఇళ్ళలో జ్ఞాపకార్థ కూడిక, ముస్లింల ఇళ్ళలో నలభయ్యో రోజు. పని మాత్రం ఎక్కడైనా ఒకటే.

కబురు: గ్రూపులో పెడితే చెప్పినట్టు కాదు

మొదటి గంటలో అందరూ చేసే తప్పు ఇది. వాట్సాప్‌లో ఫొటో, "ఓం శాంతి", అంత్యక్రియల టైము. అరవై దాటినవాళ్ళు దాన్ని కబురుగా లెక్కపెట్టరు. "మాకు కబురే లేదు" అన్న మాట ముప్పయ్యేళ్ళు బతుకుతుంది. మా ఊళ్ళో ఒక పెళ్ళికి వెళ్ళకపోవడానికి కారణం, అంతకు ముందు తరంలో అందని చావు కబురు.

మీరు దూరంలో ఉంటే ఈ పని మీరే అందుకోండి. ఇంట్లో ఉన్నవాళ్ళకి ఆ సమయంలో చేతులు ఆడవు. నాన్ననో బాబాయినో రెండు నిమిషాలు పట్టుకుని నాలుగు జాబితాలు రాసుకోండి. జ్ఞాతులు, అంటే మీ ఇంటిపేరు వాళ్ళు. ఆడపడుచులు, వాళ్ళ అత్తవారు. ఊళ్ళో ఇరుగుపొరుగు, పాలేరు, చాకలి, పాలవాడు. నాలుగోది ఎక్కువ ఇళ్ళలో మర్చిపోయేది: మామ్మ పుట్టింటివాళ్ళు. డెబ్భై ఏళ్ళ కిందట వదిలొచ్చిన ఇల్లు కదా అనుకుంటాం. కానీ ఆవిడ మీద కప్పే పుట్టింటి చీర ఆ ఇంటి నుంచే రావాలి. ఆ చీర కొని, బండి మాట్లాడుకుని రావడానికి వాళ్ళకి టైము కావాలి. అందుకే మొదటి ఫోను వాళ్ళకే చెయ్యండి.

తర్వాత మామ్మ ఫోను తీసుకుని కాల్ లిస్టు చూడండి. నేను చూడలేదు, అందుకే రాజోలు మామ్మకి మూడో రోజున, అదీ ఆవిడే ఫోను చేస్తే తెలిసింది. పేర్లు లేని నంబర్లు ఉంటాయి. చదువు రాని వాళ్ళయితే గుర్తుకి ఏదో ఒక బొమ్మో అంకో పెట్టుకుంటారు. ఎక్కువసార్లు ఉన్న నంబర్లన్నిటికీ చేసి చెప్పండి. ఆ సిమ్ము వెంటనే తీసేయకండి, కనీసం ఏడాది రీఛార్జి చేయిస్తూ ఉండండి. మూడు నెలలు వాడకుండా వదిలేస్తే నంబరు పోయే ప్రమాదం ఉంది. హడావిడి తగ్గాక ఇంట్లో ఒకరి పేరు మీదకి మార్పించుకోండి.

ఫోన్లో ఏం చెప్పాలి? పొట్టిగా, మీరెవరో ముందు. "బాబాయ్, నేను ఫలానా వాళ్ళ రెండోవాణ్ణి. మామ్మ పొద్దున్న ఆరింటికి పోయింది. రేపు పదకొండింటికి తీసుకెళ్తారు, పెద్దత్త కోసం ఆగుతున్నారు." అంతే. వాళ్ళు ఏడిస్తే ఫోను పట్టుకుని ఉండండి. మాట కలపాలని తొందరపడకండి.

ఊళ్ళో దిగాక చేతికి పని పెట్టుకోండి

సిటీ నుంచి వచ్చిన మనవడు షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటుంటే పలకరించడానికి ఎవరికీ మొహం చెల్లదు. అదే కుర్చీలు వేస్తూనో, నీళ్ళ గ్లాసులు అందిస్తూనో, టీ పోస్తూనో తిరిగితే గంటలో ముప్పై మందితో మాట పడుతుంది. దుఃఖంలో ఉన్నవాళ్ళ ఎదురుగా కూర్చుని మాట్లాడటం కష్టం. పక్కన నిలబడి ఉల్లిపాయలు తరుగుతూ మాట్లాడటం తేలిక. వంటవాళ్ళని పెట్టినా సరే, కూరల సంతకి వెళ్ళే బండిలో ఎక్కండి. మా పెద్ద బాబాయి కొడుకుతో నేను పదేళ్ళ తర్వాత నిజంగా మాట్లాడింది అలాంటి బండిలోనే, రెండు బస్తాల దోసకాయల మీద కూర్చుని.

ఇంకో పని కూడా మీ వయసువాళ్ళు చేస్తేనే బాగుంటుంది. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి; 1969 నాటి చట్టం అది, ఆ గడువులో అయితే రుసుము ఉండదు. పల్లెలో పంచాయతీలో, టౌనులో మునిసిపాలిటీలో. మరణ ధృవీకరణ పత్రం వచ్చాక నకళ్ళు ఎక్కువే తీయించండి. బ్యాంకుకి, పింఛనుకి, పాసు పుస్తకాలకి మీ నాన్న తోబుట్టువులందరికీ ఏదో ఒకనాడు కావాలి. ప్రతి ఒక్కరి ఇంటికీ ఆ కవరు మీరే చేతికి తీసుకెళ్ళి ఇవ్వండి. గుమ్మం తొక్కడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు.

ఒక చిన్న జాగ్రత్త. చావు జరిగిన ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు "వెళ్ళొస్తాను" అనకూడదు. మళ్ళీ ఇలాంటి పని మీద రావాలన్న అర్థం వస్తుందని పెద్దవాళ్ళ భయం. ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోవడమే మర్యాద. నమ్మకం ఉన్నా లేకపోయినా పాటించండి. ఆ మాట విని చివుక్కుమనే మనిషి అక్కడే కూర్చుని ఉంటుంది.

వరస తెలీకపోతే సిగ్గుపడకండి, అడగండి

"మిమ్మల్ని ఏమని పిలవాలండీ?" ఈ ఒక్క ప్రశ్న చాలు, ఎదుటి పెద్దమనిషి అరగంట పాటు మీ సొంతం. తెలుగువాళ్ళకి వరస చెప్పడంలో ఉన్న సరదా ఇంకెందులోనూ లేదు. "మీ తాత, మా నాన్న అన్నదమ్ముల పిల్లలు. అంటే మీ నాన్న నాకు అన్న. నేను నీకు బాబాయిని. కానీ మీ అమ్మ వైపు నుంచి లాగితే బావనవుతాను, దాన్ని లాగకు." ఇలా సాగుతుంది.

గుర్తు పెట్టుకోవడానికి తేలిక దారి ఇది. నాన్న అన్నదమ్ములు, అమ్మ అక్కచెల్లెళ్ళు ఒక గుంపు. వాళ్ళ పిల్లలు మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. నాన్న అక్కచెల్లెళ్ళు, అమ్మ అన్నదమ్ములు రెండో గుంపు. వాళ్ళ పిల్లలు బావలు, వదినలు, మరదళ్ళు, బావమరదులు. ఈ రెండూ కలిపేస్తే నవ్వులే. మా తమ్ముడు మేనత్త కూతుర్ని "అక్కా" అన్నాడు. నాలుగు రోజులుగా కళ్ళు వాచేలా ఏడుస్తున్న ఆడవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. మా అత్త కూడా నవ్వి, కొంగు అడ్డం పెట్టుకుని మళ్ళీ ఏడ్చింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల వాణ్ణి ఫోన్లో "ఏరా తమ్ముడూ" అనే పిలుస్తోంది, వదినవరస అయ్యుండి.

"అంకుల్", "ఆంటీ" మాత్రం ఆ పదమూడు రోజులూ పక్కన పెట్టండి. వరస పెట్టి పిలవడమంటే సగం పలకరింపు అయిపోయినట్టే.

ముందు ఎవరి దగ్గర కూర్చోవాలి?

అందరూ పెద్దకొడుకు దగ్గర, కూతుళ్ళ దగ్గర కూర్చుంటారు. మీరు ముందు మామ్మకి చివరిదాకా చేసినావిడ దగ్గర కూర్చోండి. చాలా ఇళ్ళలో అది చిన్నకోడలు. మా ఇంట్లో మా పిన్ని. మూడేళ్ళు మంచం పట్టిన మనిషికి నీళ్ళు పోసింది, దుప్పట్లు ఉతికింది, గంటకోసారి తిప్పి పడుకోబెట్టింది. వచ్చినవాళ్ళు "పండు రాలినట్టు పోయింది, అదృష్టవంతురాలు" అంటుంటే పిన్ని గోడకి ఆనుకుని వింటోంది. పండు అలా రాలడానికి ఎవరు కాపు కాశారో ఒక్కరూ అనలేదు.

"చాలా చేశావు పిన్నీ" అంటే చాలదు. ఒక పని పేరు పెట్టి చెప్పండి. "మొన్న సంక్రాంతికి నేనొచ్చినప్పుడు, రాత్రి రెండింటికి నువ్వు లేచి మామ్మకి మజ్జిగ పట్టడం చూశాను." అది చాలు. ఆవిడ మనసులో మాట అప్పుడు బయటికొస్తుంది. అందులో కొంత మీ నాన్న మీద కోపం కూడా ఉంటుంది, వినండి. సమర్థించుకోకండి, తీసుకెళ్ళి నాన్నకి చెప్పకండి. చుట్టరికం మళ్ళీ అతికేది ఇలాంటి చోటే అని నా అనుభవం.

ఇక మీ దుఃఖం. మనవలకి అది చెప్పిన టైముకి రాదు. స్మశానంలో రాలేదు నాకు. తొమ్మిదో రోజు మామ్మ మంచం కింద ఇత్తడి తమలపాకుల పెట్టె తీస్తే, అందులో ఎండిన వక్కలతో పాటు నా పదో తరగతి పాస్‌పోర్టు సైజు ఫొటో ఉంది. అక్కడ వచ్చింది. పక్కన మా చిన్నత్త ఉంది. ఆవిడ ఏమీ అనలేదు, పెట్టెలోంచి ఒక వక్క తీసి నా చేతిలో పెట్టింది. ఏడుపొస్తే బాత్రూంలోకి వెళ్ళి ట్యాపు తిప్పకండి. ఎవరో ఒకరి ముందు ఏడవండి. చుట్టాలున్నది అందుకే.

మూడు తరాల పేర్లు

ఇది కాస్త వివరంగా చెప్పాలి, మా ఇంట్లో కథ ఇక్కడే మలుపు తిరిగింది.

పన్నెండో రోజు సపిండీకరణం. పోయినవాళ్ళని పై తరాల పితృదేవతలతో కలిపే కార్యం. పిండాలు కలిపేటప్పుడు పురోహితుడు గోత్రంతో పాటు పేర్లు అడుగుతారు. మామ్మకైతే ఆవిడ అత్తగారి పేరు, ఆ అత్తగారి అత్తగారి పేరు, ఆ పైన ఇంకొకటి. మగవాళ్ళ పేర్లు మనకి ఎలాగో పొలం కాగితాల్లో దొరుకుతాయి. ఆడవాళ్ళ పేర్లు ఏ కాగితంలోనూ ఉండవు. చాలా ఇళ్ళలో ఆ క్షణంలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పేరు తెలియకపోతే చెప్పడానికి ఒక మాట ఉందిలెండి, కార్యం ఆగదు.

మాకు ముందు రోజు సాయంత్రమే పురోహితుడు చెప్పి ఉంచారు. మూడో పేరు ఎవరికీ తెలీదు. తెలిసే అవకాశం ఉన్నది ఒక్క పెదనాన్నకే. నాన్నకి పెదనాన్న కొడుకు ఆయన, పక్క వీధిలోనే ఉంటాడు. కొబ్బరితోట గట్టు దగ్గర జానెడు జరిగిందనీ జరగలేదనీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. కబురు మాత్రం చెప్పాం. వచ్చాడు, దూరంగా నిలబడి వెళ్ళిపోయాడు.

నేను బయల్దేరాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, మాసిన గడ్డంతో, నూనె లేని తలతో. అప్పుడు వెలిగింది నాకు. జ్ఞాతి కదా, ఆయనకీ పది రోజుల మైల. మాటల్లేకపోయినా మైల పట్టాడు. పదిరోజులూ దేవుడికి దీపం పెట్టలేదు, ఎవరింటికీ వెళ్ళలేదు. పెళ్ళైన మా అత్తలకి మూడు రోజులతో పోయేది ఈయనకి పూర్తిగా ఉంది, గట్టు తగాదాతో సంబంధం లేకుండా.

"పేరు కోసం వచ్చాను పెదనాన్నా" అన్నాను. లోపలికి వెళ్ళి ఒక పాత లెక్కల పుస్తకం తెచ్చాడు. వాళ్ళ నాన్న చేతిరాత. అందులో ఆడవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి, ఐదు తరాలు. చదివి వినిపించి, పుస్తకం చేతికివ్వకుండా, "రేపు నేనే తెస్తాలే" అన్నాడు. తెచ్చాడు. మా నాన్న పక్కన పీట మీద కూర్చుని పేరు చెప్పాడు. ఇద్దరూ మొహాలు చూసుకోలేదు. భోజనాల దగ్గర నాన్న, "వాడికి గారెలు ఇంకో రెండు వెయ్యండి" అన్నాడు వడ్డించేవాళ్ళతో. అంతే జరిగింది. గట్టు ఇప్పటికీ అక్కడే ఉంది.

దీన్నించి మీరు తీసుకోవలసిన పద్ధతి: మాటల్లేనివాళ్ళ దగ్గరికి రాజీ కోసం వెళ్ళకండి, వాళ్ళ దగ్గర మాత్రమే ఉన్నదేదో అడగడానికి వెళ్ళండి. ఒక పేరు, ఒక ఫొటో, పాత పెళ్ళి శుభలేఖ, మామ్మ చేసే ఉసిరికాయ పచ్చడిలో ఏం పడుతుందో ఆ లెక్క. ఒక్కరే వెళ్ళండి, నలుగురు వెళ్తే పంచాయితీ అవుతుంది. ఇచ్చిన టీ తాగండి. పాత గొడవ వాళ్ళు ఎత్తితే, "అవన్నీ నాకు తెలీవు పెదనాన్నా, నేను చిన్నవాణ్ణి" అని తప్పుకోండి. నిజం కూడా అదే కదా.

ఆ మధ్య రోజుల్లో సాయంత్రాలు ఖాళీగా ఉంటాయి. ట్రంకు పెట్టెలో ఫొటోలు దింపండి. పెద్దవాళ్ళు చెబుతుంటే ఫొటో వెనక పెన్సిల్‌తో పేర్లు రాయండి. పెన్ను సిరా రెండో వైపుకి ఊరుతుంది. అడిగి, ఫోన్లో గొంతులు రికార్డు చేసుకోండి. "మామ్మ గురించి చెప్పండి" అంటే ఎవరూ ఏమీ చెప్పరు. "ఈ ఫొటోలో మామ్మ ఎందుకు కోపంగా ఉంది?" అంటే ముగ్గురు మూడు కథలు చెప్పి కొట్టుకుంటారు.

కార్డు, ఫ్లెక్సీ, ఖర్చు

పెద్దకర్మ కార్డు మీద ఎవరి పేరు పడింది, ఎవరిది పడలేదు అన్నదాని మీద విడిపోయిన అన్నదమ్ములు ఉన్నారు. నవ్వులాట కాదు. ప్రింటుకి ఇచ్చే ముందు చిత్తుప్రతి కొడుకులందరికీ, కూతుళ్ళందరికీ చూపించండి. అల్లుళ్ళ పేర్లు వదలకండి. పోయిన కొడుకు ఉంటే ఆయన పేరు, ఆయన భార్య పేరు ఉండాలి. ఇంటి నుంచి వెళ్ళి వేరే కులంలో పెళ్ళి చేసుకున్న పిల్ల పేరు వేయాలా వద్దా అని తర్జనభర్జన పడతారు. వేయించండి. ఆ ఒక్క చోట మీరు గట్టిగా నిలబడితే తప్పులేదు. కార్డు ఇవ్వడానికి కూడా మీరే వెళ్ళండి. ఫ్లెక్సీ మీద మామ్మ ఫొటో మాత్రం అత్తలని ఎంచనివ్వండి, వాళ్ళమ్మ కదా.

ఖర్చుకి ఒక నోటుబుక్కు పెట్టి, టెంటు హౌసు దగ్గర్నుంచి అరటాకుల దాకా ఎవరు ఎంత తీశారో రాయండి. పంచుకోవడం తర్వాత సంగతి. రాసి ఉంటే చాలు, "అంతా నేనే పెట్టాను" అన్న మాట ఇద్దరి నోట రాదు.

సంతకాల మాట దినాల్లో వద్దు

పదమూడో రోజు భోజనాలయ్యాక, "ఎలాగూ అందరూ ఉన్నారు కదా" అని ఎవరో ఒకరు మొదలుపెడతారు. ఇల్లు, పొలం, బంగారం. ఆపగలిగితే ఆపండి. ముఖ్యంగా అత్తల చేత హక్కు వదులుకునే కాగితం మీద ఆ వారంలో సంతకం పెట్టించే పనికి మీరు మధ్యవర్తిగా వెళ్ళకండి.

హిందూ కుటుంబాల్లో చట్టం స్థూలంగా ఇదీ, తెలిసి ఉంటే మంచిది. 1956 వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా మామ్మ పోతే, ఆవిడ సొంత ఆస్తి కొడుకులకీ కూతుళ్ళకీ, తాతయ్య ఉంటే ఆయనకీ, సమాన వాటాలు. ముందే పోయిన కొడుకో కూతురో ఉంటే వాళ్ళ వాటా వాళ్ళ పిల్లలకి. తండ్రి బతికున్న మనవడికి అందులో నేరుగా ఏమీ రాదు. అంటే ఆ మాటల్లో మీకు కుర్చీ లేదు. పిత్రార్జితంలో ఆడపిల్లలకి వాటా అన్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985లోనే, పెళ్ళికాని కూతుళ్ళ వరకు తెచ్చింది. దేశమంతా కూతుళ్ళందరికీ 2005లో వచ్చింది. తండ్రి 2005కి ముందే పోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇదంతా అత్తకి తెలిసి, తన ఇష్టంతో తమ్ముళ్ళకి వదిలేస్తే అది వేరు. ఏడుస్తున్న మనిషి చేతికి పెన్నిస్తే ఆ తర్వాత వచ్చే మౌనం ఎవరూ తీర్చలేరు.

నిద్రకి పిలిస్తే వెళ్ళండి

మా వైపు కర్మ అయ్యాక నిద్ర చేయించే ఆచారం ఉంది. దుఃఖంలో ఉన్నవాళ్ళని చుట్టాలు తమ ఇంటికి తీసుకెళ్ళి ఒక రాత్రి పడుకోబెట్టి, భోజనం పెట్టి పంపుతారు. కొందరు గుడిలో నిద్ర చేస్తారు. మనం సిటీవాళ్ళం రిటర్ను టికెట్టు చూపించి తప్పించుకుంటాం. రెండ్రోజులు సెలవు పొడిగించి వెళ్ళండి. తాతయ్యని అత్తవాళ్ళ ఊరు తీసుకెళ్తుంటే మీరూ ఎక్కండి. ఆ రాత్రి డాబా మీద పక్కలేసుకుని పడుకుంటే, పదిరోజుల జనంలో మాట్లాడని మావయ్య కూడా చీకట్లో మాట్లాడతాడు. నిద్రపోయారా అనుకునేలోపు ఇంకో సంగతి మొదలుపెడతాడు.

రాలేకపోయినవాళ్ళకి

వీసా కుదరకో, నెలలు నిండో, పరీక్షలుండో రాలేకపోతారు. అది నేరం కాదు, కానీ మీకు అలాగే అనిపిస్తుంది. వీడియోలో అంత్యక్రియలు చూడాలా వద్దా అన్నది మీ ఇష్టం. చూస్తే ఒంటరిగా చూడకండి. తర్వాత మాత్రం గ్రూపు వీడియో కాల్ పెట్టి అందరికీ ఒకేసారి చేతులూపకండి. ఒక్కొక్కరికీ విడిగా చేయండి: నాన్నకి, బాబాయికి, అత్తలకి, పిన్నికి. డల్లాస్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నర అంటే వేసవిలో ఇక్కడ ఆదివారం పొద్దున్న ఏడు. పల్లెలో అందరూ లేచి కాఫీ తాగే వేళ. చలికాలంలో ఇక్కడ ఎనిమిదవుతుంది. కర్మకి రాలేకపోతే సంవత్సరీకానికి టికెట్టు ఇప్పుడే తీసుకోండి. ఏడాది నిండేనాటికి జనం పల్చబడతారు, అప్పుడు వచ్చిన మనిషిని ఎవరూ మర్చిపోరు.

మూడో నెల దాటడమెలా

అందరూ వెళ్ళిపోయేటప్పుడు, "ఇక నుంచి కలుస్తూ ఉండాలి" అనుకుంటారు. మూడో నెలకి ఆ మాట గాలికి పోతుంది. మనసు లేక కాదు, సందర్భం లేక. సందర్భాలు మన పెద్దవాళ్ళు ముందే పెట్టి ఉంచారు, వాడుకోండి. నెలనెలా మాసికం తిథి వస్తుంది. ఏడాది నిండాక సంవత్సరీకం. భాద్రపద బహుళంలో మహాలయ పక్షాలు. తెలంగాణలో ఆ అమావాస్యని పెత్రమాస అంటారు, పెద్దల పేర బియ్యం ఇస్తారు, అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ. మా గోదావరిలో సంక్రాంతికి పెద్దలకి కొత్త బట్టలు పెడతారు. క్యాథలిక్కులకి నవంబరు 2 సమాధుల పండుగ. మాసికం రోజు ఇంట్లో ఒకరు కార్యం చేస్తారు. మిగతా మనవలు ఆ రోజుని ఫోన్ల రోజుగా పెట్టుకోవచ్చు. మేం పెట్టుకున్నాం. తొమ్మిదిమంది మనవలం, మామ్మ మాట్లాడేవాళ్ళని పంచుకున్నాం. ఇద్దరు మానేశారు, వాళ్ళ వంతు మా అక్క తీసుకుంది. అలాగే నడుస్తుంది, అందరూ చెయ్యాలని పట్టుబడితే అసలుకే మోసం.

ఫోన్లో ఏం మాట్లాడాలో తెలియక మానేసేవాళ్ళే ఎక్కువ. మామ్మ ఏం మాట్లాడేదో గుర్తు తెచ్చుకోండి. గొప్ప విషయాలేమీ కాదు. మోకాళ్ళెలా ఉన్నాయి, కరెంటు ఉందా, మామిడి పూత నిలిచిందా. మూడు నిమిషాలు. పిల్లల చదువుల గురించి, జీతాల గురించి మీరు అడగకండి, వాళ్ళు అడిగితే చెప్పండి.

మామ్మ మంచం ఎదురుగా గోడ మీద తెలుగు క్యాలెండరు ఉండేది. పాల లెక్క, గ్యాసు బండ తేదీ, మధ్యలో ఎవరివో పేర్లకి మొదటి అక్షరాలు. ఉగాదికి కొత్తది కొని మీరూ అలాంటిదే మొదలుపెట్టండి. ముందు ఆవిడ తిథి ఏ తేదీన పడుతుందో పురోహితుణ్ణి అడిగి రాయండి, ఇంగ్లీషు తేదీ ఏటేటా మారుతుంది. తర్వాత మాసికాలు. వాటి కింద ఆ రోజు ఎవరికి ఫోను చేయాలో పేర్లు. నా క్యాలెండర్లో మొదటి పేరు రాజోలు మామ్మది. ఈమధ్య ఆవిడకి సరిగ్గా వినపడటం లేదు, రెండుసార్లు అరిచి చెప్పాలి. మూడోసారికి గుర్తుపట్టి, "నువ్వా నాన్నా, ఏం కూర?" అంటుంది. బెండకాయ అంటే వేపుడా పులుసా అని అడుగుతుంది. కాబట్టి ఫోను చేసే ముందు అది కూడా చూసుకుని చేస్తాను.